పులిహోర అడుగున

డబ్బా మూత తీయగానే ఇంగువ, చింతపండు వాసన తగిలితే ఇప్పటికీ వెనక ఎవరో నిలబడ్డట్టు తల తిప్పుతాను. ఇది సూర్యారావు గారి చలవ. డెబ్బైల చివర, పురాతన కట్టడాల ఆఫీసులో ఆయన నా పై అధికారి. ఉద్యోగంలో చేరిన రోజే పద్మనాభం ఊరి అవతల ఒక కొండ ఎక్కించారు. రాజులూ రాతలూ పుట్టక ముందటి మనుషులు కొండ నడుము చుట్టూ రాళ్ళు పేర్చి కట్టుకున్న కోటగోడ అక్కడుంది. దిగేటప్పుడు నా డబ్బా కేసి చూశారు.

“అందులో ఏముంది?”

“పులిహోర సార్.”

“నేనడిగింది అడుగున సంగతి.”

కొండ మీది పాత పెంకో రాతిముక్కో ఎవరైనా దాచి దించేస్తారన్న ఆయన అనుమానంలో పక్షపాతం ఉండేది కాదు. తన సంచి కూడా విప్పి నాకు చూపించేవారు.

రేవులో అలలకు అడ్డంగా పోయడానికి రాయి కావాలి. ఒక క్వారీ కాంట్రాక్టరు కన్ను ఆ గోడ మీద పడింది. రక్షిత కట్టడమని ఉత్తర్వు వచ్చేదాకా చట్టానికి అది వట్టి రాళ్ళగుట్టే. ఒక్క రాయి కదిలినా తెలియాలని సూర్యారావు గారు గోడ పొడవునా తెల్లరంగుతో అంకెలు వేయించారు. మర్నాడు వెళితే అంకెలన్నిటి మీదా పేడ. ఆయన ముందు కాంట్రాక్టరును అనుమానించారు. తర్వాత, మర్యాదగానే, నన్ను. ఇంతలో మేకలు కాసే అప్పలమ్మ ఎదురొచ్చింది.

“నానే పూసినాను. ఏటంతావు? మా కన్నోరూర్లో గోడలకీ ముందల నంబర్లే ఏసినారు. ఇప్పుడక్కడ ఊరు నేదు, ఉక్కు ఫేక్టరీకని కంచేసినారు.”

“ఇది కొండను కాపాడ్డానికమ్మా,” అన్నాను.

“ఆ నంబర్లేసినోలూ ఇలాగే నవ్వుతానే సెప్పినారు బాబూ.”

ఆ వారమే కాంట్రాక్టరు లారీ వచ్చింది. ఊరి ఆడవాళ్ళు మేకలతో సహా దారికి అడ్డంగా కూర్చున్నారు. లారీని ఆపారు. వెనకే వచ్చిన మా జీపునూ ఆపారు.

“మీరూ ఆ లారీవోలూ ఒకటే. దిగండి కిందకి!” అంది అప్పలమ్మ.

లారీ తిరిగిపోయింది, మేమూ తిరిగాం. సూర్యారావు గారు నవ్వగా చూడడం నాకదే మొదటిసారి.

“మనం మంచివాళ్ళమని చెప్పి వద్దామా సార్?”

“వద్దయ్యా. నమ్మితే లేచి ఇళ్ళకు పోతారు. గోడనెవరు చూస్తారు?”

ఉత్తర్వు వచ్చేదాకా వాళ్ళు వంతులు వేసుకుని కూర్చున్నారు. రక్షిత కట్టడమని మేం బోర్డు పాతాం. దానికీ పేడ పడింది. తుడవబోతే ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

“ఉండనీ. ఎండితే అదే రాలుతుంది.”

ఆయన ఇప్పుడు లేరు. మొన్న ఒక్కణ్ణే వెళ్ళాను. గోడ ఉంది. దిగుతుంటే మేకల మంద వెనక నుంచి ఒక నడివయసు మనిషి అడ్డొచ్చింది.

“డబ్బాలో ఏటున్నాది బాబూ?”

“పులిహోరమ్మా.”

ఆమె కదల్లేదు. పులిహోర మూతలోకి ఒంపి, అడుగు చూపించాను.