ముప్పాతిక దాటని మా బావ

మా బావ దేన్నీ ముప్పాతికకు మించి నింపడు. టీ కప్పు, బకెట్, సూట్‌కేసు, చివరికి దిండు కూడా. దూది ఎక్కువైందని దిండు కుట్లు విప్పి కాస్త తీసేసిన మనిషిని నేను మరొకర్ని చూడలేదు. మా మందుల ఫ్యాక్టరీలో ఆయన పేరు ‘ముప్పాతిక’. ఎదురుపడితే ‘ముప్పాతిక గారు’.

మా అక్క పెళ్ళయిన కొత్తలోనే నిలదీసింది.

“ఏమండీ, వచ్చినవాళ్ళకి అర కప్పు టీ ఇస్తే ఏమనుకుంటారు?”

“అర కాదు, ముప్పాతిక. ఒలికితే ఏమనుకుంటారు?”

“ఒలక్కుండా తాగడం వాళ్ళకి వచ్చులెండి.”

“వచ్చనుకునేవాళ్ళే ఒలకబోస్తారు.”

మా అబ్బాయి పుట్టినరోజుకు బెలూన్లు ఊదే పని ఆయనకు అప్పగించాం. ఆ రోజంతా గోడల నిండా వాడిపోయిన వంకాయలు వేలాడాయి.

ఈ జబ్బు ఆయనకు ఉద్యోగం అంటించింది. ఆయన షిఫ్ట్ ఇంజనీరు, నేను ఆయన కింద అసిస్టెంటును. మా షెడ్డులో మూడంతస్తుల ఎత్తున ఒక గొట్టం ఉంది. కాలమ్ అంటాం. పైనుంచి మందు కలిసిన నీళ్ళు దిగుతాయి, కిందనుంచి నూనె బొట్లుబొట్లుగా పైకెక్కుతుంది. ఒకదాన్నొకటి రాసుకుంటూ పోతుంటే నీళ్ళలోని మందు నూనెలోకి మారుతుంది. రెండింటినీ మరీ తొందరపెట్టి తోస్తే బొట్లు పైకెక్కలేక నీళ్ళతోపాటు కిందికి కొట్టుకొస్తాయి, కాలమంతా విరిగిన పాలలా తయారవుతుంది. దాన్ని మునక అంటాం. మునిగిందంటే ఆ రోజు పని గంగలో కలిసినట్టే.

“ఇది పూర్తి వేగంలో నూటికి తొంభై దాకా లాగుతుందని కట్టినవాళ్ళే అన్నారు. మీరు ముప్పాతిక దగ్గర కట్టేస్తారేంటి?” అనేవాడు మేనేజరు.

“మునుగుతుంది సార్.”

“ఎప్పుడైనా మునిగిందా?”

“ముప్పాతికలో ఉంటే ఎందుకు మునుగుతుంది సార్?”

ఆ ఏడాది బావకు రావలసిన ప్రమోషన్ ఇంకొకరికి పోయింది. అక్క అలిగి పుట్టింట్లో కూర్చుంది. బావ వచ్చి, ముప్పాతిక నింపిన ఆమె సూట్‌కేసు మోసుకుంటూ వెనక్కి తీసుకెళ్ళాడు.

తర్వాత ఆయన కంటి ఆపరేషనుకని సెలవు పెట్టాడు. మేనేజరు నన్ను పిలిచి, “నువ్వైనా ధైర్యం చెయ్యవయ్యా,” అన్నాడు. కొంచెం కొంచెంగా పెంచుతూ తొంభై దాకా తీసుకెళ్ళాను. కాలమ్ ఏమీ అనలేదు. బొట్లు బుద్ధిగా పైకెక్కుతున్నాయి. బావది ఉత్త పిరికితనమని తేలిపోయింది.

అప్పుడు వాల్వు దగ్గరున్న ఆపరేటరును చూశాను. అందరం పెద్దాయన అంటాం. పక్షవాతం వచ్చి తగ్గాక మళ్ళీ డ్యూటీలో చేరాడు గాని, కుడిచెయ్యి ఇంకా పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. పైన నూనె, నీళ్ళు విడిపోయేచోట గీత కదిలినప్పుడల్లా ఆయన వాల్వు తిప్పి సరిచెయ్యాలి. తొంభైలో ఆ గీత ఒక్కచోట నిలవదు. ఆయన ఎడమచేత్తో ఇటు తిప్పేలోపు అది అటు పోతోంది. చొక్కా చెమటతో ఒంటికి అతుక్కుపోయింది.

“కష్టంగా ఉందా?”

“ఏం లేదు సార్, అలవాటైపోతుంది,” అన్నాడు, గీత మీంచి చూపు తిప్పకుండా.

నేను మళ్ళీ ముప్పాతికకు దించేశాను. మేనేజరుతో, “మునిగేలా ఉంది సార్,” అన్నాను.

సాయంత్రం బావను చూడ్డానికి వెళ్ళాను. నల్లద్దాలతో పడక్కుర్చీలో ఉన్నాడు.

“తొంభైలో మునగలేదు బావా.”

“మునగదని నాకూ తెలుసు. తొంభై కాలమ్‌కి. పెద్దాయన చేతికి ముప్పాతికే.”

“ఆ ముక్క మేనేజరుతో చెప్పొచ్చుగా.”

“చెబితే పెద్దాయన్ని ఇంటికి పంపేస్తాడు. నాకు ముప్పాతిక పిచ్చి అనుకున్నాడనుకో, ఎవర్నీ పంపక్కర్లేదు.”

పెద్దాయన రోజూ చేతికి వ్యాయామం చేయిస్తూనే ఉన్నాడు. కొన్ని నెలలకు ఆయనే వచ్చి, “కాస్త పెంచి చూద్దామా సార్?” అని అడిగాడు. బావ పెంచాడు. మళ్ళీ అడిగితే మళ్ళీ పెంచాడు. తొంభై చేరిన వారం మేనేజరు మీటింగు పెట్టాడు.

“చూశారా, గట్టిగా చెబితే పనులెలా అవుతాయో.”

“అంతా మీరు చెప్పబట్టే సార్,” అన్నాడు బావ వినయంగా.

వెనక వరసలో పెద్దాయన కుడిచేత్తో మీసం దువ్వుకుంటూ నవ్వు దాచుకున్నాడు.