జడ్జీగారు తినేసిన ప్రయోగం

ఆ రోజుల్లో సైన్స్ ఫెయిర్‌లో ప్రైజు రాని పిల్లలు జిల్లాలో బోలెడుమంది ఉండేవారు. ప్రయోగాన్ని జడ్జీగారు భోజనంలో తినేయడం వల్ల ప్రైజు పోగొట్టుకున్నవాళ్లం మాత్రం నేనూ, మా చెరువులబ్బాయీ ఇద్దరమే అయ్యుంటాం. ఆయన చెడ్డవాడేమీ కాదు. రెండోసారి వడ్డించుకున్న మాట నిజమే గానీ, అందులో ఆయన తప్పు లేదు.

భీమవరం చుట్టుపక్కల వరిచేలు రొయ్యల చెరువులుగా మారుతున్న కాలం అది. మాది బజారులో కిరాణా కొట్టు. నా పదో తరగతి కాగానే నన్ను కొట్లో కూర్చోబెట్టాలని మా నాన్నగారి ఉద్దేశం. నాకేమో ఎంపీసీలో చేరి ఇంజినీరు కావాలని. వారం రోజులు అన్నం మీద అలిగితే చివరికి ఒక మెట్టు దిగారు. "ఫెయిర్‌కి ఇంజినీరింగు కాలేజీ లెక్చరరుగారు వస్తారన్నావు కదా. నువ్వు చేసింది పనిచేస్తుందని ఆయన నోటితో అంటే చదువుకో. అనకపోతే కొట్టు. మళ్లీ మాటల్లేవు," అన్నారు.

చెరువు నీళ్లలో గాలి చాలకపోతే రొయ్యలు తెల్లారేసరికి పైకొచ్చి కొట్టుకుంటాయి. అలా కాకుండా నీళ్లను చిలికే చక్రాలు అప్పుడప్పుడే పెద్ద రైతుల చెరువుల్లోకి వస్తున్నాయి. నా క్లాసుమేటు తండ్రికి చాలా చెరువులుండేవి, అందుకే వాణ్ణి చెరువులబ్బాయి అనేవాళ్లం. మేమిద్దరం అలాంటి చక్రమే చిన్నది చేశాం. పాత టేప్‌రికార్డర్ మోటారు, సైకిలు ఊచ, ప్లాస్టిక్ డబ్బా మూతల ముక్కలు, అంతే. రెండు టబ్బుల నీళ్లలో పదేసి రొయ్యలు. ఒక టబ్బులో చక్రం తిరుగుతుంది, రెండోదాంట్లో ఉండదు. పొద్దున్న తొమ్మిదింటికి మొదలుపెడితే, మధ్యాహ్నం రెండింటికి జడ్జీగారు వచ్చేసరికి ఏ టబ్బులోవి హుషారుగా ఉన్నాయో ఎవరికి వారే చూసుకోవచ్చు. (మా ఇంట్లో నీచు ముట్టరు. చెరువులబ్బాయి రొయ్యల్ని లెక్కపెడుతుంటే నేను కళ్లు మూసుకుని అంకెలు మాత్రం విన్నాను. శాస్త్రానికి తగిన పద్ధతి కాదని ఇప్పుడు తెలుస్తోంది.)

ఫెయిర్ మా స్కూల్లోనే. ప్లగ్గు వంటగది పక్క వరండాలో తప్ప ఇంకెక్కడా ఖాళీ లేదు. టబ్బులు అక్కడే పెట్టాం. పదకొండింటికి పిల్లలందర్నీ హాల్లోకి తోలారు. జడ్జీగా వచ్చిన లెక్చరరుగారే 'ఇంజినీరు కావడం ఎలా?' అని రెండు గంటలు మాట్లాడారు. బక్కపలచని మనిషి, మెత్తటి గొంతు. "జరగబోయే ముప్పును ముందే ఊహించేవాడే ఇంజినీరు," అన్నారు. నేను అది నోట్సులో రాసుకుని కింద రెండు గీతలు గీశాను.

నేను గీతలు గీస్తున్న వేళకే వంటగదిలో పొయ్యి వెలిగింది. మా వైపు ఒక మర్యాద ఉంది. స్కూలుకు గెస్టులొస్తే చెరువులున్న ఇంటి నుంచి వంటకు రొయ్యలు వస్తాయి. ఎవరూ అడగరు, పంపినవారు చెప్పరు. ఇన్‌స్పెక్షన్‌కీ, యానివర్సరీకీ చెరువులబ్బాయి నాన్నగారు అలాగే పంపేవారు. ఆ రోజు భోజనాలు చూస్తున్న సోషల్ మాస్టారు వరండాలో రొయ్యల్ని చూశారు. పక్కన తిరుగుతున్న చక్రాన్నీ చూశారు. (తాజాగా ఉండటానికి పెట్టారనుకున్నారట. మా చక్రాన్ని సరిగ్గా అర్థం చేసుకున్న మొదటి మనిషి ఆయనే.) రెండు టబ్బులూ వంటావిడకు అప్పజెప్పేశారు.

భోజనాలయ్యాక మేం వచ్చేసరికి ఖాళీ టబ్బులు.

"మాస్టారండీ, మా రొయ్యలేవండి?" అన్నాడు చెరువులబ్బాయి.

"బ్రహ్మాండంగా ఉన్నాయని చెప్పరా మీ నాన్నగారికి. గెస్టుగారు మళ్లీ వేయించుకున్నారు కూడానూ!"

"అయ్యి కూరకు కాదండి, ఎగ్జిబిటండి!"

మాస్టారి మొహం మాడిపోయింది. "ఓ చీటీ అయినా అంటించొద్దట్రా వెధవల్లారా!"

ఈ మాటల మధ్యలోనే జడ్జీగారు వచ్చారు. సంగతి విని కాసేపు చేతివేళ్ల వంక చూసుకున్నారు. తర్వాత వంటావిడను పిలిపించారు.

"అమ్మా, ఏ టబ్బులో రొయ్యలు హుషారుగా ఉన్నాయి?"

"అన్నీ ఒక్క తపేలాలో పోసేశానండి. వలిచేటప్పుడు కొన్ని ఎగిరాయండి, కొన్ని ఎగర్లేదండి."

"ఎన్ని ఎగిరాయి?"

"వంట చేసే మనిషి అయ్యన్నీ లెక్కెడతాదేంటండి!"

ఆయన నా వైపు తిరిగారు. "చక్రం తిరుగుతోంది బాబూ, చూశాను. పనిచేస్తోందని మాత్రం అనలేను. అందులోనూ తిన్నవాణ్ణి, నేనసలు అనకూడదు."

"రేపు ఇంకో ఇరవై తెస్తామండి," అన్నాడు చెరువులబ్బాయి.

"రేపు ఫెయిర్ లేదు కదా బాబూ."

సాయంత్రం నాన్నగారు సైకిలు మీద వచ్చి నేరుగా ఆయన దగ్గరికే వెళ్లారు. లెక్చరరుగారు దాచకుండా అంతా చెప్పారు. రొయ్యల మాట వచ్చినప్పుడు నాన్నగారు ఒక అడుగు వెనక్కి వేశారు.

"అయితే మావాడి చక్రం పనిచేస్తుందాండీ?"

"తెలియదండి."

"పోనీ, సుమారుగా చెప్పండి."

"సుమారుగా కూడా చెప్పలేనండి."

వెనక క్యారేజీ మీద కూర్చున్న నాకు దారంతా మా కొట్లోని కందిపప్పు బస్తాలే కనిపించాయి. మార్కెట్టు మలుపు దగ్గర నాన్నగారు సైకిలు నెమ్మది చేశారు.

"అంత చదివినాయన, నలుగురి ముందు తెలియదన్నాడు చూశావా?"

"ఊఁ."

"మన బజార్లో ఆ ముక్క అన్నవాణ్ణి ఇంతవరకూ చూళ్లేదు. పోనీ, ఆ రెండేళ్లూ చదువు. చూద్దాం."

అలా ఎంపీసీలో చేరాను. ఎంసెట్‌లో నాకొచ్చిన ర్యాంకుకు ఏ ఇంజినీరింగు కాలేజీ గేటూ తెరుచుకోలేదు. చివరికి పేపర్లో ఉద్యోగం చేసి తల నెరిపించుకున్నాను. నోట్సులో రెండు గీతలు గీసుకున్న ఆ కుర్రాడు గుర్తొస్తే జాలీ, నవ్వూ కలిసే వస్తాయి. ఈమధ్యే చెరువులబ్బాయి వాళ్ల చెరువు గట్టు మీద వాడి పక్కన కూర్చుని, మళ్లీ రెండు టబ్బులు పెడదామా అని అడిగాను. "నీకేం పనిలేదేంట్రా!" అన్నాడు, ఎదురుగా వరసగా తిరుగుతున్న వాడి చక్రాల వంక చూస్తూ. అవి పనిచేస్తాయని ఊరందరికీ తెలుసు. మాది పనిచేసేదో లేదో మాత్రం, ఇన్నేళ్లయినా, మా ఇద్దరికీ తెలియదు.