అద్దంలో చూడవలసిన బొమ్మ

బొమ్మలు ఎలా చూడాలో మామూలు జనానికి చెప్పే రాతలతోనే నా జీవితం గడిచింది. పగలు సర్కారు కొలువు, సాయంత్రం పత్రికకు వ్యాసం. పండితులు దీన్ని చిల్లర పని అన్నారు. వాళ్ల మీద కోపం లేదు. కోపమంతా నా మొదటి పుస్తకం వేసినాయన మీద. డెబ్బైల నాటి డైరీ తిరగేస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అందులో నేను ప్రాణం పెట్టి రాసింది ఒక పాత దక్కనీ చిత్రం గురించి. తోట, చెయ్యి చాచిన స్త్రీ, ఎగిరిపోతున్న చిలుక, పైన ఫార్సీ రాత. ఎన్ని ఆదివారాలు మ్యూజియంలో నిలబడి చూసినా ఆ బొమ్మ అంతుపట్టలేదు. నేను ఉర్దూ మీడియంలో చదువుకున్నవాణ్ని. ఒకనాడు ఆ రాతను కుడి నుంచి చదివి, అదే ఊపులో చూపు కిందికి దించాను. కుడి మూలన తెరిచిన పంజరం, మధ్యలో స్త్రీ, ఎడమ అంచున చిలుక. అన్నాళ్లూ ఎడమ నుంచి చూస్తూ పంజరం దాకా పోనేలేదు, చిలుక ఎక్కణ్నుంచి ఎగిరిందో తెలియనేలేదు! వ్యాసంలో అదే చెప్పాను: ఉర్దూ చదివినట్టు కుడి మూల నుంచి మొదలుపెట్టండి.

పుస్తకం అచ్చయిందని కబురొస్తే యాకుత్‌పురా నుంచి సైకిలు మీద వెళ్లాను. ప్రచురణకర్త అసలు కాగితాల హోల్‌సేల్ వ్యాపారి. పేజీ తెరిచాను. అచ్చుకు లోహపు బ్లాకు చేసేటప్పుడే బొమ్మ కుడి ఎడమలు తిరగబడ్డాయి. పంజరం ఎడమన, చిలుక కుడిన. ఫార్సీ రాత ఎవరూ చదవలేని గీతలైంది.

"భాయ్, బొమ్మ ఉల్టా పడ్డది!"

"తలకిందులైతే కాలే కదన్నా. తోట తోటలెక్కనే ఉన్నది. పబ్లిక్‌కు కుడేంది, ఎడమేంది?"

"కుడి నుంచి చూడుమని రాసిన. ఏం కనబడుతది వాళ్లకు?"

"గిదేనా ఫికర్? తప్పొప్పుల పట్టీ వేస్తం. కుడి అన్నకాడ ఎడమ అని చదువుకోమందాం."

"ఉర్దూ ఎడమ నుంచి చదువుతరా? నువ్వు చదువుతవా?"

"నేను బిల్లులు చదువుత. మస్తు లొల్లి చేస్తున్నవ్. చాయ్ తాగు."

తాగలేదు. బ్లాకు తప్పు ఎవరికైనా జరుగుతుంది. నన్ను మండించింది పబ్లిక్ గురించి ఆయనన్న మాట. రాసింది బొమ్మలో కనబడకపోతే చదివేవాడు పుస్తకాన్ని తప్పుపట్టడు. తనకే బుర్ర లేదనుకుని మూసేస్తాడు, మళ్లీ బొమ్మల జోలికి రాడు. ఆ బెరుకు పోగొట్టడానికే కదా నేను రాసింది!

ఆయన మళ్లీ అచ్చువేయనన్నాడు. ఇంటికొచ్చి, అద్దం ముందు తల దువ్వుకుంటున్న మా ఆవిడ వెనక నిలబడి, పేజీ చూపిస్తూ ఆయన్ని తిట్టాను. ఆమె వెనక్కి తిరగనేలేదు.

"ఎందుకట్ల అరుస్తవ్? పంజరం కుడికే ఉన్నది కదా!"

అద్దంలో చూశాను. ఫార్సీ రాత కూడా చక్కగా చదవడానికి వస్తోంది.

మర్నాడే చార్మినార్ దగ్గర గల్లీలో రబ్బరు స్టాంపు చేయించాను: "ఈ బొమ్మను అద్దంలో చూడండి." ఆయన దుకాణంలోనే కూర్చుని ప్రతి పుస్తకంలో గుద్దాను.

"గిరాకీ ముందర నా ఇజ్జత్ తీస్తున్నవన్నా!"

"బొమ్మ ఇజ్జత్ తీసింది నువ్వు," అని ఇంకోటి గుద్దాను.

పుస్తకాలు అమ్ముడుపోయాయి. రెండో ముద్రణకైనా బ్లాకు మార్చమని వెళ్లాను.

"ఎందుకన్నా? అందరు వచ్చి అద్దంల చూసే బుక్కే అడుగుతున్నరు. పబ్లిక్ మస్తు హుషారున్నది."

అదే తప్పు బ్లాకు కింద నా స్టాంపు మాటను అందంగా అచ్చేసి పెట్టాడు. చాయ్ తెప్పించాడు. ఆ రోజు కూడా ముట్టలేదు.