బయటి మాట

తాళం మేడం అని ఆవిడకు పేరు పెట్టిందెవరో గానీ, వాడి నోట్లో చక్కెర పొయ్యాలి. అంతకన్నా సరిపోయే పేరు ఇంకోటి దొరకదు. అసలు హోదా చెప్పాలంటే చాంతాడంత ఉంటుంది: రహస్య సమాచార భద్రతా విభాగం అధిపతి. అంత పొడుగు పేరు పలికే ఓపిక ఆ ఆఫీసులో ఎవరికుంది! డ్రైవరు దగ్గర్నుంచి డైరెక్టరు దాకా వెనకాల అందరూ తాళం మేడమనే అనేవాళ్ళు. ఆవిడకీ తెలుసు. తెలిసినా తెలియనట్టే ఉండేది, అది ఆవిడకు అలవాటైన విద్యే కదా.

నలుగురికీ తెలియకూడదని ప్రభుత్వం అనుకున్న కాగితాలన్నీ ఆ భవనంలో పై అంతస్తులో, కిటికీలు లేని గదుల్లో ఉంటాయి. వాటిని ఎవరు చూడొచ్చు, ఎవరు చూడకూడదు, చూసినవాళ్ళు ఆ తర్వాత ఎలా మసలుకోవాలి, ఇదంతా ఆవిడ నెత్తిమీది బరువు. ఫోన్లు గేటు దగ్గర చెక్క అరల్లో పడేసి లోపలికి రావాలి. ఇనుప బీరువా ఒక్కోదానికీ నంబర్ల తాళం, మూడు నంబర్లు వరసగా తిప్పితే తెరుచుకునేది. సాయంత్రం అందరూ వెళ్ళాక ఆవిడ బల్లబల్లా తిరిగి చూసేది. ఎర్ర గీత ఉన్న కాగితం ఎవరి బల్లమీదైనా కనబడిందా, మర్నాడు వాడి పని అయిపోయినట్టే. ఒకసారి సాక్షాత్తూ డైరెక్టరుగారే అలాంటి కాగితం మీద టీ కప్పు పెట్టేసి ఇంటికి పోయారు. కాగితం బీరువాలోకి వెళ్ళింది. కప్పు జప్తు అయింది. ఇప్పటికీ తాళం మేడం గదిలో పెన్నులు పెట్టుకునేది ఆ కప్పులోనే, అడిగే ధైర్యం డైరెక్టరుగారికి లేకపోయింది.

కొత్తగా చేరినవాళ్ళకి ఆవిడ చెప్పే పాఠాల్లో ఒకటి మాత్రం బీరువాల గురించి కాదు, ఇంటి గురించి. దానికి వాళ్ళ విభాగంలో బయటి మాట అని పేరు.

"ఇంట్లో అడుగుతారు. ఇంతసేపు ఎక్కడున్నావు, ఏం చేశావు అని. నోరు మూసుకు కూర్చుంటే అనుమానం పెరుగుతుంది. అందుకని ఒక మాట ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకోండి. చిన్నదిగా ఉండాలి. అవతలివాళ్ళకి వినాలనిపించేదిగా ఉండాలి. వాళ్ళకి ముందే తెలిసిన వస్తువొకటి అందులో కలపండి. తెలిసిన వస్తువు కనబడితే మనిషి ఇంక తరిచి అడగడు" అనేది.

ఈ పాఠం ఆవిడ సొంతం కాదు, మాస్టారిది. మాస్టారంటే బడిపంతులు కాదండోయ్. ఆవిడకు ముందు ఆ విభాగానికి అధిపతిగా చేసినాయన. ఆ పద్ధతులన్నీ ఆయన అమర్చినవే. ఆవిడ ఏమీ తెలియని పిల్లగా ఉద్యోగంలో చేరినప్పుడు "అమ్మాయ్, ఇలా రా" అని పిలిచి చేయి పట్టుకుని నడిపించినట్టు అన్నీ నేర్పించాడు.

ఆయనకు ఒక్కతే కూతురు. ఇంట్లో బుజ్జి అనేవాళ్ళు, అందుకని ఆఫీసులోనూ బుజ్జే. బడి వదలగానే ఆ పిల్ల నాన్న కోసం గేటు పక్క గదిలో కూర్చునేది. తాళం మేడం కిందికి వచ్చినప్పుడల్లా ఒళ్ళో చేరి "పిన్నీ, ఎక్కాలు అప్పజెప్పనా" అనేది. మామూలుగా చెబితే మాస్టారి కూతురెలా అవుతుంది! ఆయన వెనక నుంచి ముందుకి చెప్పించేవాడు. ఆ పిల్ల కళ్ళు మూసుకుని, తల ఊపుతూ, కిందికి దిగుతూ చెబుతుంటే గార్డులు చప్పట్లు కొట్టేవాళ్ళు.

ఆ రోజుల్లోనే ఒకనాడు జోరున వాన. బుజ్జి పసుప్పచ్చ గొడుగు పట్టుకుని నాన్నకు ఎదురు వెళ్దామని గేటు బయట నిలబడింది. గాలికి గొడుగు తిరగబడి పిల్ల తడిసి ముద్దయిపోతోంది. అప్పుడే మాస్టారు ఎవరో ఇద్దరు కొత్తవాళ్ళతో బయటికి వచ్చాడు. వాళ్ళకు ఆయన ఇల్లెక్కడో, పిల్లెవరో తెలియకూడదు. కూతురి పక్క నుంచే, కూతురివైపు చూడకుండా, వెళ్ళి కారెక్కాడు. ఆ సాయంత్రం బుజ్జి పిన్ని కొంగు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. "నన్ను చూళ్ళేదు పిన్నీ. అమ్మకి చెప్పకు, నాన్నకీ చెప్పకు" అంది. పిన్ని చెప్పలేదు. రహస్యం దాచమంటే ఆవిడకు వేరే చెప్పాలా!

బుజ్జి పెద్దదై కాలేజీలో ఉండగా తల్లి చనిపోయింది. ఆసుపత్రి నుంచి ఎన్ని ఫోన్లు వచ్చినా అవి గేటు దగ్గర చెక్క అరలోనే మోగి మోగి ఊరుకున్నాయి. మాస్టారు వచ్చేసరికి అంతా అయిపోయింది. "ఎక్కడికి పోయావు నాన్నా" అని కూతురు నిలదీస్తే ఆయన నోట్లోంచి వచ్చిన మాట, "బస్సు దొరకలేదమ్మా." ఆయనకు ఆఫీసు కారుందన్న సంగతి లోకమంతటికీ తెలుసు. తప్పు ఆయనదని అనాలా? ఏళ్ళ తరబడి నాలుకకు నేర్పిన విద్య, ఆ ఘడియలోనూ అదే పలికింది. ఆ రోజు నుంచి తండ్రీ కూతుళ్ళ మధ్య మాటలు అవసరానికి మించి సాగలేదు.

ఆయన రిటైరైన కొన్నేళ్ళకు మెదడులో గడ్డ అన్నారు. ఆపరేషన్ చేశారు. జ్వరం తగ్గలేదు, మత్తులో పలవరింతలు మొదలయ్యాయి. డాక్టరు తాళం మేడాన్ని పక్కకు పిలిచి, ఈ మత్తు ఇంక దిగదు, మాట ఉన్నంతసేపే ఉంటుంది, ఆ తర్వాత ఆశ పెట్టుకోవద్దన్నాడు.

ఇక్కడే ఉంది చిక్కంతా. మత్తులో ఉన్న మనిషికి ఏది చెప్పొచ్చో ఏది చెప్పకూడదో తెలియదు కాబట్టి, పెద్ద రహస్యాలు తెలిసినవాళ్ళు అలా పడుకుంటే పక్కన విభాగం మనిషి తప్ప ఇంకెవరూ ఉండకూడదని రూలు. ఆ రూలు రాసింది తాళం మేడమే, దిద్దింది మాస్టారే. ఆవిడ "బయటివాళ్ళు ఉండరాదు" అని రాస్తే, ఆయన కలం తీసి "ఇంటివాళ్ళు కూడా" అని చేర్చాడు. "అమ్మాయ్, ఇంట్లోవాళ్ళ దగ్గరే మనిషి మెత్తబడేది" అన్నాడు అప్పుడు. ఆయన తలలో ఉన్నవి ఇంకా పాతబడలేదు. వాటి మీద ఆధారపడి ఎక్కడెక్కడో మనుషులు ప్రాణాలతో ఉన్నారు.

నర్సు రహస్యం దాస్తానని ప్రమాణం చేసిన మనిషి, పని చూసుకుని వెళ్ళిపోయేది. గదిలో మాస్టారు, తాళం మేడం. బయట వరండాలో బెంచీ మీద బుజ్జి. మధ్యలో తలుపు, తలుపుకి చిన్న అద్దం.

బుజ్జి బతిమాలింది. "పిన్నీ, నీకు దణ్ణం పెడతాను. ఆయన పెదాలు కదులుతున్నాయి, నాకు కనబడుతోంది. అమ్మ పోయిన రోజు నుంచి ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. ఒక్క మాట విననీ. ఒక్కటి."

"కాస్త ఓపిక పట్టమ్మా. మత్తు దిగాక నేనే పిలుస్తాను" అంది తాళం మేడం. మత్తు దిగదని డాక్టరు చెప్పాక అన్న మాట అది.

మొదటి రోజంతా మాస్టారు గొణిగింది అర్థం కాలేదు. రెండో రోజు మధ్యాహ్నం గొంతు తేటపడింది. ఆవిడ గుండె చిక్కబట్టుకుని వింది. ఆఫీసు మాట వస్తుందేమో, ఏ పేరు బయటపడుతుందోనని భయం. ఆయన అన్నది అది కాదు.

"గొడుగు... పాప తడిసిపోతోంది. చూశానమ్మా, చూశాను. పిలవలేకపోయాను. బుజ్జీ, చలేస్తోందా తల్లీ?"

తాళం మేడానికి కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. బుజ్జి ఏడ్చిన ఆ సాయంత్రం కళ్ళకు కట్టింది. రూలూ లేదు, గీలూ లేదు, లేచి తలుపు దగ్గరికి వెళ్ళింది. గొళ్ళెం మీద చెయ్యేసింది. అద్దంలోంచి చూసిన బుజ్జి కూడా బెంచీ మీంచి లేచింది.

అప్పుడు వెనకనుంచి ఆయన స్పష్టంగా అన్నాడు.

"తొంభై ఒకటి. డెబ్భై ఎనిమిది. అరవై అయిదు."

మూడు నంబర్లు. వరసగా.

ఆవిడ చెయ్యి నిప్పు తగిలినట్టు గొళ్ళెం మీంచి వెనక్కి వచ్చేసింది. ఏ బీరువాది? ఆయన హయాంలో పెట్టినవి ఇంకా మార్చనివి ఉన్నాయా? ఆవిడ బుర్ర అటు పరుగెత్తింది. తలుపవతల బుజ్జికి వేలు చూపించి, ఆగమని సైగ చేసింది. బుజ్జి ముఖం చూడకుండా తిరిగొచ్చి మంచం పక్కన కూర్చుంది. ఆయన "ఊఁ, చెప్పు, ఆగావేం?" అని ముద్దుగా గదమాయించి ఊరుకున్నాడు. ఆ తర్వాత ఇంక మాట్లాడలేదు. పొద్దుగూకేసరికి ఊపిరి మాత్రమే మిగిలింది, అప్పుడు ఆవిడే తలుపు తీసింది. బుజ్జి లోపలికి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంటే ఆ చేతికి తెలియలేదు. తెల్లారేలోగా ఆయన పోయాడు.

మర్నాడు ఆవిడ సహాయకుడు బీరువాలన్నీ వెతికి వచ్చాడు. "మేడం, ఆ నంబర్లు ఇప్పుడూ లేవు, ఎప్పుడూ లేవు" అన్నాడు.

"సరిగ్గా చూశావా?"

"రెండుసార్లు చూశానండీ."

అతను వెళ్ళాక ఆవిడ డైరెక్టరుగారి కప్పులోంచి పెన్ను తీసి, అలవాటు కొద్దీ ఆ మూడు నంబర్లనీ ఒకదాన్లోంచి ఒకటి తీసివేసి చూసుకుంది. పదమూడు. మళ్ళీ పదమూడు. పదమూడో ఎక్కం, వెనక నుంచి ముందుకి. ఆయన కూతురికి ఎక్కం అందిస్తున్నాడు. పిల్ల అందుకుంటుందని ఆగాడు. అందుకోవాల్సిన పిల్ల తలుపవతల నిలబడి ఉంది, తలుపు మూసి పట్టుకున్నది తను. ఆవిడ బల్లమీద తల పెట్టి, పమిట నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అలా ఎవరూ చూడకుండా ఏడవడానికి ఆ గదిని మించింది లేదు, పాపం.

మంచం దగ్గర విన్నది ఎవరికీ చెప్పకూడదన్నది కూడా ఆవిడ రాసిన రూలే. అయినా డైరెక్టరు దగ్గరికి వెళ్ళి, "నేను ఆ పిల్లకి చెప్పబోతున్నాను. తర్వాత నన్ను ఉంచుతారో తీసేస్తారో మీ ఇష్టం" అని ముఖం మీదే చెప్పేసి బయల్దేరింది. ఆయన అడ్డు చెప్పలేదు.

బుజ్జి తండ్రి ఇంట్లో ఆయన బట్టలు మడతపెడుతోంది. తాళం మేడం ఎదురుగా కూర్చుని అన్నీ చెప్పింది. వానలో గొడుగు చూశానన్న మాట, పిలవలేకపోయానన్న మాట, చలేస్తోందా తల్లీ అన్న మాట, ఎక్కం, చివర్లో ఆగావేం అన్న గదమాయింపు. ఏదీ దాచలేదు. తను గొళ్ళెం వదిలెయ్యడం కూడా చెప్పింది.

బుజ్జి చొక్కా మడత పూర్తి చేసి దొంతర మీద పెట్టింది. కోపం లేదు ఆ ముఖంలో. కోపమైనా బాగుండేది.

"గొడుగు సంగతి నేను మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు పిన్నీ. ఎక్కాలూ మీ ముందే అప్పజెప్పేదాన్ని."

పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల ఆవిడని మీరు అనడం అదే మొదలు.

"అందుకే చెబుతున్నానమ్మా. అవి ఆయన నోటివెంట వచ్చాయి. ఒట్టు."

"నాన్న కూడా ఇలాగే చెప్పేవాడు. వినేవాళ్ళకి తెలిసిన వస్తువేదో ఒకటి కలిపి, నమ్మబుద్ధేసేలా." బుజ్జి ఇంకో చొక్కా అందుకుంది. "నన్ను ఓదార్చాలని చెప్పారు. మీది మంచి మనసు, నాకు తెలుసు. ఆయన నిజంగా ఏమన్నాడో మీరు చెప్పకూడదు, అదీ తెలుసు. ఇంక అడగను లెండి. టీ పెట్టమంటారా?"

తాళం మేడం ఏం చెబుతుంది? ఇంకా గట్టిగా చెబితే ఇంకా బాగా అల్లినట్టుంటుంది. ఒట్టు పెట్టుకుంటే, ఒట్టు పెట్టుకోవడం కూడా నేర్పించి ఉంటారనుకుంటుంది. టీ వద్దని లేచింది. గుమ్మం దాటుతుంటే లోపల బట్టలు దులుపుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

ఇంటికి వచ్చేసరికి భర్త వరండాలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. తలెత్తి భార్య ముఖం చూసి పేపరు పక్కన పెట్టాడు.

"ఏమిటలా ఉన్నావు? కళ్ళు అలా వాచిపోయాయేం?"

ఈయనకైనా చెప్పుకుని భోరుమనాలని ఆవిడకు ప్రాణం కొట్టుకుంది. నోరు తెరిచింది.

"ఏం లేదండీ. ఆఫీసులో పాత ఫైళ్ళు దులిపించాం. మీకు తెలుసుగా, నాకు దుమ్ము పడదు."

ఆయన "ఊఁ" అని మళ్ళీ పేపరు అందుకున్నాడు. ఆవిడ లోపలికి వెళ్ళి ముఖం కడుక్కుంది.