పెట్రోలులో నీళ్లు

ఆ రోజుల్లో నేను ఏలూరులో ఒక బియ్యం మిల్లు వారి పాత లారీ నడిపేవాణ్ణి. ఒక వానాకాలం ఉదయం కొల్లేటి ఒడ్డున ఉన్న ఊరికి ధాన్యం కోసం వెళితే, ఒక రైతు ఎదురొచ్చి, నొప్పులు పడుతున్న తన భార్యను ఏలూరు ఆసుపత్రికి చేర్చమని బతిమాలాడు. లారీ వెనక గడ్డి పరిచి ఆమెను పడుకోబెట్టాం.

సగం దారిలో, రోడ్డు మీద పారుతున్న నీళ్లు దాటగానే ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ప్లగ్గులు తడిశాయనుకున్నాను. నాలుగూ విప్పి, తుడిచి బిగించాను. ఇంజను ముందున్న హ్యాండిల్ తిప్పితే ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ విప్పి చూశాను. నిప్పురవ్వ బాగానే పడుతోంది. అయినా నా అనుమానం తడి మీదే.

"ఏవండీ, ఇంకా ఎంతసేపండీ?" అని రైతు అడిగాడు.

"ఇదిగో, అయిపోయిందండీ" అన్నాను. మూడోసారి అడిగితే మళ్లీ హ్యాండిల్ అందుకున్నాను.

గంట గడిచాక, ఇంజనుకు పెట్రోలు అందించే కార్బురేటర్ అడుగు మర విప్పాను. అరచేతిలో పడింది పెట్రోలు కాదు, నీళ్లు. పొద్దున వాన నీళ్లు దిగిన డబ్బాలోంచి పెట్రోలు పోస్తూ, తొందరలో నీళ్లను ఆపే తోలుగుడ్డతో వడకట్టలేదు నేను. ఆ నీళ్లన్నీ వంపేశాక ఇంజను వెంటనే అందుకుంది.

ఆమె బతికింది. బిడ్డ దక్కలేదు. ముందే వచ్చినా ఏమయ్యేదో చెప్పలేమన్నారు డాక్టరుగారు.

రైతు నా చేతులు పట్టుకుని, "మీరు లేకపోతే ఈవిడ కూడా దక్కేది కాదండీ" అన్నాడు. నిజం చెబుదామని నోరు తెరిచాను. అతని ముఖం చూసి చెప్పలేకపోయాను. తర్వాత అతను ఎక్కడ కనిపించినా లారీ ఆపకుండా వెళ్లిపోయేవాణ్ణి.