అమ్మ దూకిన సాయంత్రం

బేస్‌బాల్‌లో నాకు కొట్టడం వచ్చు, పరుగెత్తడం వచ్చు. పడటం రాదు. బేస్ అంటే నేలకి బిగించిన తెల్లటి చిన్న దిండు. బంతికన్నా ముందు దాన్ని అందుకోవాలంటే ఒక్కోసారి ఒళ్ళు మరిచి నేల మీద జారాలి. నేనేమో దాని దగ్గరికి రాగానే స్టాపు వచ్చిన బస్సులా నెమ్మదించేదాన్ని. మర్యాదగా వెళ్ళి అవుటయ్యేదాన్ని. కెనడాలోని బ్రాంప్టన్‌లో మా ఇంటి వెనక పార్కులో ఆ వేసవంతా ఇదే తంతు.

కోచ్ మంచాయన. ప్రతిసారీ "పర్లేదు" అని భుజం తట్టేవాడు. ఆ జాలికే నాకు ఒళ్ళు మండేది.

నాన్న ఇంకో రకం. ఆయనకి తెలియని ఆట లేదు, అన్నీ సోఫాలోంచే. "భయపడే పిల్లకి ఈ ఆట ఎందుకే? శనివారం చూద్దాం. అప్పుడూ ఇలాగే ఆగిపోతే మాన్పించేద్దాం, స్విమ్మింగ్‌లో వేద్దాం," అన్నాడు అమ్మతో. నాకు తొమ్మిదేళ్ళు. అంతకన్నా పెద్ద కష్టం అప్పటిదాకా రాలేదు. అన్నం ముందు కూర్చుని భోరుమన్నాను.

వేర్‌హౌస్‌లో డబ్బాలు ప్యాక్ చేసి నడుం పట్టుకుంటూ రావడం, వంట చేయడం, కూర్చున్న చోటే నిద్రపోవడం, నాకు తెలిసిన అమ్మ అంతే. మర్నాడు షిఫ్ట్ నుంచి వచ్చి టీ కూడా తాగకుండా "పద" అంది.

గ్రౌండ్‌లో ఎవరూ లేరు. నన్ను బేస్ పక్కన నిలబెట్టి, కళ్ళజోడు తీసి నా చేతిలో పెట్టింది. జుట్టు ముడేసుకుని దూరంగా వెళ్ళి నిలబడింది. నాకు సిగ్గేసింది. ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూశాను.

అంతలో పరుగు మొదలైంది. అది నడుం నొప్పి మనిషి పరుగు కాదు. ముందుకు వంగి, బేస్ మీదే కళ్ళు పెట్టి దూసుకొచ్చింది. ఉన్నట్టుండి ఆమె కాళ్ళు నేలని వదిలేశాయి. మా అమ్మ గాల్లో ఉంది. నిజంగా గాల్లో, చెయ్యి చాపి, తల పైకెత్తి. తర్వాత ఎర్ర మట్టి లేపుతూ ఛాతీ మీద జారి, బేస్ మీద అరచెయ్యి వేసింది. నేను నోరు తెరుచుకుని ఉండిపోయాను. రోజూ పొద్దున్నే నాకు జడ వేసేది ఈ మనిషేనా?

"ఖో-ఖో," అంది దుమ్ము దులుపుకుంటూ. "హైస్కూల్లో ఆడేదాన్ని. భయపడి ఆగితేనే దెబ్బ తగులుద్ది. ఆగకపోతే ఆ నేలే నిన్ను తీసుకెళ్తది. రా, దూకు."

చీకటి పడేదాకా దూకాను. మోచేతులు చెక్కుకుపోయాయి. భయం ఎప్పుడు పోయిందో తెలీదు.

శనివారం నాన్న కూడా వచ్చి ఫెన్స్ దగ్గర అమ్మ పక్కన నిలబడ్డాడు. నేను మొదటి బేస్ మీదున్నాను. మా జట్టు పిల్ల బంతిని కొట్టగానే రెండో బేస్ వైపు పరుగు తీశాను. వెనక నుంచి బంతి వస్తోంది. ఆగలేదు. దూకాను. బంతికన్నా ముందే నా చెయ్యి బేస్ మీదుంది.

అంపైర్ అవుట్ ఇచ్చాడు. మా వయసు పిల్లలు తల ముందు పెట్టి దూకకూడదట, కాళ్ళు ముందు పెట్టి జారాలట. కోచ్ చెప్పే ఉంటాడు. పడే ఉద్దేశమే లేని నేను ఎప్పుడు విన్నాను గనక?

ఆట అయ్యాక కోచ్ నన్ను వెంటబెట్టుకుని ఫెన్స్ దగ్గరికొచ్చాడు. "రూల్ ఒప్పుకోదు, మళ్ళీ చెయ్యొద్దు. కానీ పిల్లలెవరూ ఇంత బాగా దూకగా నేను చూడలేదు," అంటూ నాన్న చెయ్యి పట్టుకుని ఊపాడు. "మీరే నేర్పారా?"

నాన్న తెల్లమొహం వేశాడు. "నాన్న కాదు, అమ్మ!" అన్నాను, నోట్లో మట్టి ఉమ్ముతూ.

నాన్న అమ్మ వైపు తిరిగాడు. "నీకిది వచ్చా? నాకెప్పుడూ చెప్పలేదే!"

అమ్మ నాకు వాటర్ బాటిల్ అందిస్తూ, "మీరెప్పుడడిగారు?" అంది.

మాన్పించే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆ సాయంత్రం టీ నాన్నే పెట్టాడు. సోఫాలో అమ్మ కూర్చుంది. కింద కార్పెట్ మీద నేనూ నాన్నా కూర్చుని ఆమెనే చూస్తూ ఉండిపోయాం.