రసమట్టంలో బుడగ

చనిపోయినవాళ్ళు తిరిగొస్తారని ఎవరైనా అంటే మా ఇంట్లో ముందు నవ్వేది నేనే. మాది చర్చికి వెళ్ళే కుటుంబం. ఎస్టేటు కూలీల లైన్లలో పెరిగినదాన్ని, రబ్బరు చెట్ల మధ్య తెల్లచీర కథలు బోలెడు విన్నాను. ఒక్కటీ నమ్మలేదు. ఇప్పుడు చెప్పేది కూడా దెయ్యం సంగతి కాదు, ఒక ఫ్రిజ్ సంగతి.

మా ఆయన లారీ డ్రైవరు. పని మానేశాక ఎవరో తెల్లాయన అమ్మేసి వెళ్ళిన పాత క్యారవాన్, మంచం, ఫ్రిజ్ ఉన్న ఇల్లులాంటి బండి, ఒకటి కొన్నాడు. మలేసియా అంతా తిరుగుదామన్నాడు. తిరిగింది తెలుక్ ఇంటాన్ దాకానే. అక్కడ స్నేహితుడి పామాయిల్ తోట అంచున బండి ఆపిన కొన్నాళ్ళకే పక్షవాతం వచ్చి మంచం పట్టాడు. క్లాంగ్‌లోని ఇంటికి రమ్మంటే రానన్నాడు, మొండి మనిషి. ఆ బండిలోనే ఉండి, క్రిస్మస్‌కి ముందు పోయాడు.

నేను అక్కడే ఉండిపోయాను. ఆ దిండుకు ఇంకా ఆయన తలనూనె వాసన ఉంది, వదిలి రాలేకపోయాను. క్లాంగ్‌లో ఉన్న మా అమ్మాయి ప్రిసిల్లా రోజూ ఫోన్లో పోరు పెట్టేది. నాకు షుగరు. ఇన్సులిన్ చల్లగా ఉండాలి, తోటలో కరెంటు లేదు. ఆ గ్యాస్ ఫ్రిజ్ ఆగిన రోజు క్లాంగ్ వచ్చేయాలని నా దగ్గర మాట తీసుకుంది.

దానికి మోటారు ఉండదు. వెనక చిన్న మంట గొట్టాల్ని వేడి చేస్తే లోపల చల్లబడుతుంది. మంటతో మంచు ఎలా పుడుతుందని మా ఆయన్ని అడిగి విసిగించేదాన్ని.

ఈస్టర్ అయ్యాక ఒక పొద్దున ఫ్రిజ్ తలుపు తీస్తే మందు సీసాలు గోరువెచ్చగా తగిలాయి. సిలిండర్ మార్చాను. మంట నీలంగానే ఉంది. వెనక జాలీ విప్పి పొగగొట్టంలో మసి దులిపాను, కందిరీగల మట్టిగూడు పీకేశాను. అయినా చల్లబడలేదు. ప్రిసిల్లాకి చెప్పకుండా ఊళ్ళోంచి ఐసు తెచ్చి మందు డబ్బాలో దాచుకున్నాను. అలా ఎన్నాళ్ళని? చివరికి అప్పన్న అని, ఊళ్ళో ఫ్రిజ్‌లు బాగుచేసే మన తెలుగాయన్ని పిలిపించాను.

అప్పన్న గొట్టాలన్నీ చూశాడు. పసుపు మరక లేదు, అమ్మోనియా వాసన లేదు, గొట్టాలేవీ కారలేదన్నాడు. తర్వాత వాలు చూసే రసమట్టం ఫ్రిజ్ లోపల పెట్టాడు. బుడగ మంచం వైపు పోయి అతుక్కుంది. అంటే మంచం వైపు బండి ఎత్తుగా ఉంది. గొట్టాల్లో నీళ్ళు వాటంతటవే కిందికి దిగాలట, బండి వాలితే ఆగిపోతాయట.

"బండి కింద ఈ జాకీ ఇంతెత్తు ఎవులు పెట్టినారు అత్తా?"

నేనే పెట్టాను. మా ఆయన భారీ మనిషి. రాత్రీ పగలూ ఆ మంచం మీదే కాబట్టి అటువైపు బండి దిగిపోయేది. ఆయన పడుకుని ఉండగానే, మా రసమట్టం పెట్టి బుడగ మధ్యకు వచ్చేదాకా జాకీ తిప్పాను. ఆయన పోయాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, మర తుప్పు పట్టి ఉంది. ఇదంతా చెప్పాను.

అప్పన్న జాకీ మర మీద తుప్పు గోటితో గీకి చూశాడు.

"అలాగైతే మామ పోయిన రెండు రోజుల్లోనే ఇది ఆగిపోవాల. ఇన్నాళ్ళు ఎలాగ సల్లగా ఉన్నాది?"

ఉంది మరి. క్రిస్మస్ నుంచి ఈస్టర్ దాకా అందులోంచి ఐసు గడ్డలు తీసుకున్నాను. నమ్మలేక, బియ్యం బస్తాలు, నీళ్ళ క్యాన్లు ఆ మంచం మీద పేర్చాం. ఆయనంత బరువు అయ్యేసరికి బుడగ మెల్లగా మధ్యకు వచ్చి నిలబడింది. నాకు ఏడుపు ఆగలేదు. అన్ని నెలలూ ఆ మంచానికి ఎదుటి బల్ల మీద గోడ వైపు తిరిగి పడుకున్నాను. చెయ్యి చాస్తే అందే దూరం. తెలిసేసరికి అక్కడ కూడా లేడు. మొదటిసారి పోయినప్పుడు ఊరంతా వచ్చింది, ఈసారి ఎవరికి చెప్పుకోను?

జాకీ కొంచెం దించితే రేపటికి చల్లబడిపోతుందని, నేను ఇక్కడే ఉండొచ్చని అప్పన్న పిడి అందుకున్నాడు.

"ముట్టుకోకయ్యా," అన్నాను. "ఆయనొస్తే మళ్ళీ వంకరైపోద్ది."

ఆ సాయంత్రం ప్రిసిల్లాకి నేనే ఫోన్ చేసి వచ్చి తీసుకెళ్ళమన్నాను. నాకు బుద్ధి వచ్చిందనుకుంది.

నేల దిగి మళ్ళీ పొంగి ఉంటుందని అప్పన్న అన్నాడు. జాకీ కింద చెక్కలు కదిలిన గుర్తే లేదు. అది దుఃఖం అన్నారు పాస్టరుగారు. కావచ్చు. మరి ఐసు ఎలా గడ్డకట్టిందో ఆయనా చెప్పలేదు, నేనూ చెప్పలేను.

ఇప్పటికీ వీలైనప్పుడల్లా బస్సెక్కి తోటలో బండి దగ్గరికి వెళ్తాను. గ్యాస్ వెలిగించి, ఖాళీ ఫ్రిజ్ తలుపు వేసి, నా బల్ల మీద పడుకుంటాను. ఇప్పుడు గోడ వైపు తిరగను. తెల్లారాక లేచి ఫ్రిజ్‌లో చెయ్యి పెట్టి చూస్తాను. ఇంతవరకూ వెచ్చగానే ఉంది.